లక్డీకాపూల్ నుంచి అసెంబ్లీకి: పోలీసు ఉద్యోగం, ఎన్నికల నిషేధం, దళితులు

హైదరాబాద్‌లో లక్డీకాపూల్ అంటే చాలామందికి మొదట గుర్తొచ్చేది డీజీపీ ఆఫీసు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పోలీసులకు ఏళ్ళ తరబడి అదే ప్రధాన కార్యాలయం. 2014 తర్వాత తెలంగాణ పోలీసులకూ అదే. అక్కణ్నించి శాసనసభ కూతవేటు దూరం. మెట్రో రైలెక్కితే లక్డీకాపూల్ తర్వాతి స్టేషన్ పేరే అసెంబ్లీ. ఐతే ఖాకీ తొడుక్కున్న మనిషి ఓట్లడిగి గెలిచి ఆ సభలో కూర్చోవాలంటే ముందు ఖాకీ విప్పాలి. విప్పడానికి సర్కారు ఒప్పుకోవాలి. ఒప్పుకున్న కాయితం నామినేషన్ల పరిశీలన నాటికి చేతికి రావాలి.

పోలీసులు రాజకీయాల్లోకి రావొచ్చా, రావొద్దా అన్న చర్చ ప్రతి ఎన్నికల ముందూ నడుస్తుంది. అధికారి నిష్పక్షపాతంగా ఉండాలని ఒకరంటారు. రాజీనామా చేసినవాడు కూడా పౌరుడే కదా అని ఇంకొకరంటారు. రెండు మాటల్లోనూ నిజముంది. ఆ రెంటిలోనూ కులం ఊసు మాత్రం లేదు. మేం ఇక్కడ అడుగుతున్నది ఒక్కటే: కాయితం మీద అందరికీ ఒకే తీరుగా కనపడే ఈ నిషేధం, ఊళ్ళోకి, వాడలోకి వచ్చేసరికి ఎవరి మీద ఎంత బరువుగా పడింది? దీనికి జవాబు కావాలంటే ఇవాళ్టి ఐపీఎస్ అధికారుల దగ్గర ఆగితే చాలదు. పోలీసు పటేల్ దాకా, అతని వెనక కర్ర పట్టుకొని నడిచిన కావలికారు దాకా పోవాలి.

చట్టం ఏమంటున్నది

ముందు చట్టం సంగతి చూద్దాం. రాజ్యాంగం 102, 191 అధికరణాల ప్రకారం ప్రభుత్వం కింద లాభదాయకమైన పదవిలో ఉన్నవాళ్ళు పార్లమెంటుకు గానీ శాసనసభకు గానీ ఎన్నిక కావడానికి అనర్హులు. కానిస్టేబుల్ నుంచి డీజీపీ దాకా అందరూ ఇందులోకే వస్తారు. 1968 నాటి అఖిల భారత సర్వీసుల ప్రవర్తనా నియమావళిలో 5వ నియమం ఇంకా ముందుకు పోయి, ఐపీఎస్, ఐఏఎస్ అధికారులు ఏ రాజకీయ పార్టీలోనూ సభ్యులుగా ఉండకూడదు, ఏ ఎన్నికలోనూ ప్రచారం చెయ్యకూడదు అంటుంది. ఓటు వెయ్యొచ్చు, ఎవరికేశారో బయటపెట్టొద్దు. కింది ఉద్యోగులకు రాష్ట్రాల ప్రవర్తనా నియమాలు ఇదే చెబుతాయి.

పోలీసులకు ఇది చాలదన్నట్టు 1966లో ఇంకో చట్టం చేశారు. పోలీసు బలగాల హక్కుల పరిమితి చట్టం అది. ఆ చట్టం కింద పోలీసు ఉద్యోగి అనుమతి లేకుండా ట్రేడ్ యూనియన్‌లో గానీ రాజకీయ సంఘంలో గానీ చేరితే రెండేళ్ళ దాకా జైలు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 129వ సెక్షన్ ప్రకారం పోలీసు ఎవరినైనా ఫలానా వాళ్ళకు ఓటెయ్యమని గానీ వెయ్యొద్దని గానీ చెబితే ఆరు నెలల దాకా జైలు. పోలీసుల సాయం తీసుకున్న అభ్యర్థి ఎన్నిక కూడా అదే చట్టం 123వ సెక్షన్ కింద రద్దు కావొచ్చు. అవినీతికో, రాజ్యం పట్ల అవిధేయతకో ఉద్యోగం నుంచి బర్తరఫ్ అయినవాళ్ళు ఐదేళ్ళు పోటీ చెయ్యడానికి లేదు.

ఇంత కట్టుదిట్టమైన గోడలో ఒక విచిత్రం ఉంది. ఉద్యోగంలో ఉన్నంతకాలం నోరెత్తకూడదు గానీ ఉద్యోగం వదిలిన మర్నాడే పోటీ చెయ్యొచ్చు. పదవీ విరమణ చేసిన ఐపీఎస్ అధికారి ఏదైనా కంపెనీలో చేరాలంటే మొదటి ఏడాది సర్కారు అనుమతి తప్పనిసరి. పార్టీలో చేరడానికి ఆ అడ్డు లేదు. 2012లో ఎన్నికల సంఘం ఇక్కడ కూడా కొంత విరామం ఉండాలని కేంద్రానికి సూచించింది. అది రాజ్యాంగానికి నిలవదేమోనన్న న్యాయ సలహాతో కేంద్రం పక్కన పెట్టింది. 2022 మేలో సుప్రీంకోర్టు ముందుకు ఇదే అంశం వచ్చినప్పుడు, విరామం ఉండాలా వద్దా అనేది చట్టసభలు తేల్చుకోవాల్సిన సంగతని పిటిషన్ కొట్టేసింది.

అంటే ఒకవైపు పూర్తి నిషేధం, ఇంకోవైపు పూర్తి స్వేచ్ఛ. రెంటికీ మధ్య ఒక సన్నని గేటుంది. రాజీనామాను, స్వచ్ఛంద పదవీ విరమణను ఆమోదించడం అనే గేటు. దాని తాళం అధికారంలో ఉన్న పార్టీ చేతిలో ఉంది. ఈ గేటు సంగతికి మళ్ళీ వస్తాం.

పటేల్ పోయిండు, కావలికారు మిగిలిండు

పోలీసు అధికారం, రాజకీయ అధికారం వేరువేరుగా ఉండాలన్న మాట మన ఊళ్ళకు కొత్తది. నిజాం రాజ్యంలో ప్రతి ఊరికీ ముగ్గురు పెద్ద అధికారులు: మాలీ పటేల్, పోలీసు పటేల్, పట్వారీ. ఇవి వంశపారంపర్య వతన్లు. ఊళ్ళో నేరం జరిగితే ఠాణాకు ఖబరు పంపేది పోలీసు పటేల్. ఎవణ్ని పట్టించాలో, ఎవణ్ని దాచాలో తేల్చేదీ అతనే. మన తెలంగాణ పల్లెల్లో ఈ పటేల్ పదవి రెడ్లు, వెలమల వంటి భూస్వామ్య కులాల ఇండ్లల్లో ఉండేది. ఆంధ్ర ప్రాంతంలో మునసబు, కరణం ఇదే పాత్ర పోషించారు. భూమి, పోలీసు, పంచాయితీ మూడూ ఒకే గడపలో ఉన్నప్పుడు ఎన్నికల నిషేధం అనే మాటకు అర్థమేముంటుంది? ఆ ఇంట్లో అన్న పటేల్ ఐతే తమ్ముడు సర్పంచ్ కాగలడు, బావమరిది సమితికి పోగలడు. ప్రవర్తనా నియమాలు మనిషిని చూస్తాయి తప్ప ఇంటిని చూడవు. అగ్రకులం మాత్రం ఇల్లుగానే పనిచేసింది.

ఈ పటేల్ కింద ఇంకో అంతస్తు ఉండేది. శేత్‌సింధి, నీరడి, కావలికారు, తోటి, వెట్టి, తలారి. ఊరి హద్దులు కాయడం, దొంగను పట్టుకుంటే ఠాణా దాకా నడిపించుకుపోవడం, శవం దొరికితే పంచనామా అయ్యేదాకా కాపలా కూర్చోవడం, అమీనొస్తే గుర్రానికి గడ్డి వెయ్యడం, కచేరీ కాయితం మోసుకొని పక్కూరికి ఉరకడం వీళ్ళ పని. కొన్నిచోట్ల బోయలు, ముత్రాసులు వంటి కులాలవాళ్ళు తలారి, కావలి పనులు చేశారు. నీరడి, తోటి, వెట్టి, శేత్‌సింధి పనులు చాలా ఊళ్ళల్లో మాల మాదిగలవే. రాజ్యం తాలూకు చట్టాన్ని ఊళ్ళో అమలు చేసే యంత్రాంగంలో చిట్టచివరి మనిషి దళితుడే. అధికారం పటేల్‌ది. చాకిరీ మనది.

1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం గ్రామాధికారుల పదవులను ఆర్డినెన్సుతో రద్దు చేసింది. పటేళ్ళు, పట్వారీలు, మునసబులు, కరణాలు పోయారు. కోర్టుకెళ్ళినా సుప్రీంకోర్టు రద్దును సమర్థించింది. ఇది మంచి మార్పే. ఐతే పదవి పోయినా పటేల్ ఇంటి భూమి పోలేదు, పలుకుబడి పోలేదు. ఇప్పుడు అతను మాజీ పటేల్, ఏ నిషేధమూ లేని పౌరుడు. ఏ పార్టీ టికెట్టయినా అడగొచ్చు.

కావలికారు సంగతేమైంది? 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 18వ సెక్షన్ తీసి చదవండి. గ్రామ సేవకులెవరూ గ్రామ పంచాయతీ సభ్యులుగా ఎన్నిక కావడానికి అర్హులు కారని రాసి ఉంటుంది. గ్రామ సేవకులంటే ఎవరో కింద వివరణలో పేర్లతో సహా ఇచ్చారు: నీరుగంటి, నీరడి, వెట్టి, కావలికారు, తోటి, తలారి, శేత్‌సింధి. మామూలుగా చట్టం కులం పేరు ఎత్తదు. ఇక్కడ కూడా ఎత్తలేదు. ఐతే ఈ పేర్లు చదివిన తెలుగువాళ్ళెవరికైనా అవి ఏ వాడలోని ఇండ్లో ఒకరు చెప్పనక్కర్లేదు.

దీని అర్థమేమిటో ఆలోచించండి. నెలకింత అని చాలీచాలని జీతానికి ఊరికి కాపలా కాసే మనిషి వార్డు మెంబరుగా కూడా నిలబడటానికి లేదు. అతని చేతిలో అరెస్టు చేసే అధికారం లేదు, కేసు రాసే అధికారం లేదు, ఓటర్లను బెదిరించే లాఠీ లేదు. డీజీపీకి వర్తించే తర్కాన్నే అతనికీ వర్తింపజేశారు. డీజీపీ రిటైరై పింఛను తీసుకొని పోటీ చెయ్యొచ్చు. కావలికారు ఆ పని వదిలితే మాత్రం ఇల్లు గడవదు. తర్వాత కాలంలో వీళ్ళు గ్రామ రెవెన్యూ సహాయకులయ్యారు. ఎన్నో ఏళ్ళు రోడ్డెక్కి ధర్నాలు చేశారు. 2023లో తెలంగాణ ప్రభుత్వం ఆ వ్యవస్థను రద్దు చేసి వాళ్ళను వేరే శాఖల్లో సర్దుబాటు చేస్తూ ఉత్తర్వులిచ్చింది. ఐనా ఒక తరం మొత్తం పంచాయతీ గడప బయటే నిలబడి గడిపేసిందన్న సంగతి చరిత్రలో నమోదు కావాలి.

ఉద్యోగమే మన రాజకీయ పెట్టుబడి

పోలీసు ఉద్యోగంలోకి రావడమే దళితులకు ఒక పోరాటం. 1928లో బొంబాయి ప్రభుత్వం వేసిన స్టార్టే కమిటీలో అంబేద్కర్ సభ్యుడు. 1930లో ఆ కమిటీ ఇచ్చిన నివేదికలో అంటరాని కులాలవాళ్ళను పోలీసులోకి తీసుకోవాలన్న సిఫారసు ఉంది. ఆ కాలంలో అంబేద్కర్ మళ్ళీ మళ్ళీ చెప్పిన మాట ఇది: చట్టం ఎంత మంచిదైనా దాన్ని అమలుచేసేవాడు సవర్ణ సమాజం నుంచే వస్తే అతని మొగ్గు తన కులం వైపే ఉంటుంది, కాబట్టి పాలనలో మనకు వాటా కావాలి. స్వాతంత్ర్యం తర్వాత రిజర్వేషన్లతో ఆ వాటాలో కొంత వచ్చింది.

వచ్చిన వాటాతో పాటే ఒక మూతిగుడ్డ కూడా వచ్చింది. భూమి లేని, వ్యాపారం లేని సమాజానికి చదువుకున్న తరం మొత్తం సర్కారు ఉద్యోగంలోనే కుదురుకున్నది. టీచరు, గుమాస్తా, కానిస్టేబులు, బ్యాంకు ఉద్యోగి. వాడలో నాలుగు మాటలు రాయగలిగిన, నలుగురిని పోగుచెయ్యగలిగిన, నెలకు వంద రూపాయలు చందా ఇవ్వగలిగిన వాళ్ళంతా వీళ్ళే. వీళ్ళంతా ప్రవర్తనా నియమాల కింద ఉన్నారు. అగ్రకులానికి రాజకీయం నడిపేందుకు రైతుంటాడు, కంట్రాక్టరుంటాడు, మిల్లు యజమాని ఉంటాడు, వకీలుంటాడు. వాళ్ళల్లో ఒకడు ఉద్యోగి ఐతే అతని నోరు మూతపడ్డా మిగతా ఇల్లంతా మాట్లాడుతుంది. మన ఇంట్లో ఆ ఒక్కడి నోరు మూతపడితే ఇల్లంతా మూగబోతుంది.

ఈ సంగతి అందరికంటే బాగా గ్రహించినవాడు కాన్షీరాం. పూనాలో రక్షణ శాఖ పరిశోధనాశాలలో పనిచేస్తున్నప్పుడు, అంబేద్కర్ జయంతి, బుద్ధ జయంతి సెలవుల రద్దును ప్రశ్నించిన దీనాభానా అనే నాలుగో తరగతి ఉద్యోగి మీద వేటు పడింది. ఆ పోరాటమే కాన్షీరాంను ఉద్యోగం వదిలేదాకా నడిపించింది. 1978 డిసెంబర్ 6న ఆయన బామ్‌సెఫ్ పెట్టినప్పుడు దాన్ని రాజకీయేతర, ఆందోళనేతర, మతేతర సంస్థ అని ఎందుకన్నాడు? పిరికితనంతో కాదు. సభ్యులంతా ఉద్యోగులు, నియమాలు దాటితే ఉద్యోగం ఊడుతుంది కాబట్టి. అందుకే వీధిలోకి దిగడానికి 1981లో డీఎస్4, ఓట్లడగడానికి 1984 ఏప్రిల్ 14న బీఎస్పీ వేరువేరుగా పుట్టాల్సి వచ్చింది. దళిత రాజకీయాల నిర్మాణం మీదనే ప్రవర్తనా నియమాల ముద్ర ఇట్లా పడింది. మన చరిత్రకారులు ఈ కోణాన్ని తగినంత పట్టించుకోలేదని మా అభిప్రాయం.

గేటు ఎవరికి తెరుచుకున్నది

ఇప్పుడు గేటు సంగతికొద్దాం. మన రాష్ట్రంలో పోలీసు పెద్దలు ఎన్నికల్లోకి రావడం కొత్తేమీ కాదు. కె. విజయరామారావు హైదరాబాద్ పోలీసు కమిషనర్‌గా, తర్వాత 1993 నుంచి 1996 దాకా సీబీఐ డైరెక్టర్‌గా పనిచేశారు. 1999లో తెలుగుదేశం తరఫున లక్డీకాపూల్‌ పక్కనే ఉన్న ఖైరతాబాద్‌లో పి. జనార్దనరెడ్డిని ఓడించి మంత్రి కూడా అయ్యారు. లక్డీకాపూల్ ఆఫీసులో డీజీపీగా కూర్చున్న వి. దినేష్ రెడ్డి 2013 సెప్టెంబరులో రిటైరయ్యారు. 2014 ఎన్నికల్లో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థిగా మల్కాజిగిరి లోక్‌సభ స్థానంలో నిలబడి ఓడిపోయారు. పదవికీ పోటీకీ మధ్య ఏడాది కూడా లేదు. మహారాష్ట్ర కేడర్ అధికారి వి.వి. లక్ష్మీనారాయణ 2018లో స్వచ్ఛంద విరమణ తీసుకొని 2019లో జనసేన నుంచి విశాఖపట్నంలో పోటీ చేశారు. వీళ్ళెవరూ తప్పు చేశారని మేం అనడం లేదు. చట్టం ఒప్పుకున్నది, చేశారు.

గేటు దగ్గర ఆగిపోయినవాళ్ళ కథ ఇంకో తీరు. అనంతపురం జిల్లా కదిరిలో సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్న గోరంట్ల మాధవ్ వెనుకబడిన కురుబ కులస్తుడు. 2018లో అధికార పార్టీ ఎంపీ జె.సి. దివాకర్ రెడ్డి పోలీసులను కించపరిచేలా మాట్లాడితే బహిరంగంగా ఎదురు సవాలు విసిరి పేరు తెచ్చుకున్నారు. తర్వాత ఉద్యోగం వదులుకుంటున్నానని రాసిచ్చి ప్రతిపక్ష పార్టీలో చేరారు. సర్కారు ఆయన విరమణను ఆమోదించకుండా నానబెట్టింది. 2019 మార్చి 26 నామినేషన్ల పరిశీలన. ఆయన పరిపాలనా ట్రిబ్యునల్‌కు పోయి, ఆదేశం తెచ్చుకొని, చివరి నిమిషంలో బరిలో నిలిచి హిందూపురం నుంచి లక్షకు పైగా మెజారిటీతో గెలిచారు. తర్వాతి రోజుల్లో ఆయన రాజకీయాల మీద ఎవరి అభిప్రాయం వాళ్ళకుంటుంది. మేం చూపెడుతున్నది గేటును. ట్రిబ్యునల్ తలుపు ఇంకో వారం ఆలస్యంగా తెరుచుకుని ఉంటే ఆ నామినేషన్ చెల్లేది కాదు.

మధ్యప్రదేశ్‌లో నిశా బాంగ్రే పోలీసు కాదు, డిప్యూటీ కలెక్టర్. ఐనా నియమాలు ఒక్కటే. 2023 జూన్‌లో బౌద్ధ కార్యక్రమానికి, తన గృహప్రవేశానికి సెలవు ఇవ్వలేదని ఆమె రాజీనామా చేశారు. ఆమ్లా అనే రిజర్వుడు స్థానంలో నిలబడాలన్నది కోరిక. నెలల తరబడి రాజీనామా ఆమోదం కాలేదు. ఆమె పాదయాత్ర చేశారు, కోర్టుల చుట్టూ తిరిగారు. అక్టోబరు చివర్లో ఆమోదం వచ్చేసరికి ఆమె ఆశించిన పార్టీ ఇంకొకరికి టికెట్టు ఇచ్చేసింది. దీనికి ఇంకో పక్క చూడండి. ఉత్తరప్రదేశ్‌లో కాన్పూర్ పోలీసు కమిషనర్ అసీం అరుణ్ కూడా దళితుడే. 2022 జనవరిలో ఎన్నికల షెడ్యూలు వచ్చిన రోజే స్వచ్ఛంద విరమణ ప్రకటించి, వారం పది రోజుల్లో అధికార పార్టీలో చేరి, కన్నౌజ్ రిజర్వుడు స్థానంలో గెలిచి మంత్రయ్యారు. ఇద్దరూ దళితులే, ఇద్దరూ అధికారులే. పాలకపార్టీ గూటికి పోయేవాళ్ళకు గేటు రోజుల్లో తెరుచుకుంది, ఎదురు నిలిచేవాళ్ళకు నెలలు పట్టింది. ఇది నియమం కాదు, దయ. దయ మీద ఆధారపడే హక్కును హక్కనలేం.

ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ అనుభవం ఇంకో పాఠం నేర్పుతుంది. 1995 బ్యాచ్ ఐపీఎస్ అధికారి. 2012 నుంచి తొమ్మిదేళ్ళు సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శిగా ఉన్నారు. ఆ గురుకులాల విద్యార్థిని మాలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఆయన 2021 జులై 19న స్వచ్ఛంద విరమణ ప్రకటించారు. సర్కారు మర్నాడే ఒప్పుకున్నది. ఆగస్టు 8న నల్లగొండలో పెద్ద సభ పెట్టి బీఎస్పీలో చేరారు. ఇక్కడ గేటు అడ్డం రాలేదు. గేటు దాటినాక ఉన్న నేల అడ్డమొచ్చింది. 2023లో జనరల్ స్థానమైన సిర్పూర్‌లో నిలబడి మూడో స్థానంలో ఆగిపోయారు. ఇదే సిర్పూర్‌లో 2014లో బీఎస్పీ గుర్తు మీద కోనేరు కోనప్ప గెలిచారు, నిర్మల్‌లో ఇంద్రకరణ్ రెడ్డి గెలిచారు. ఇద్దరూ కొద్దికాలానికే టీఆర్ఎస్‌లోకి పోయారు. ఏనుగు గుర్తు వాళ్ళకు నిచ్చెనైంది. ఆ గుర్తు ఎవరి కోసం పుట్టిందో ఆ సమాజం బిడ్డకు మాత్రం గెలుపివ్వలేకపోయింది. 2024 మార్చిలో ప్రవీణ్ కుమార్ బీఎస్పీ వదిలి బీఆర్ఎస్‌లో చేరి నాగర్‌కర్నూల్ రిజర్వుడు స్థానంలో పోటీ చేసి మళ్ళీ ఓడారు. ఆ మార్పును సమర్థించినవాళ్ళూ ఉన్నారు, నొచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. ఇరవయ్యారేళ్ళ సర్వీసులో పార్టీ అనే పేరు కూడా ఎత్తకుండా బతికిన మనిషి, రెండేళ్ళలో పార్టీ యంత్రాంగాన్ని, డబ్బును, బూతు కార్యకర్తలను ఎక్కణ్నించి తెస్తాడు? భూస్వామ్య కుటుంబం నుంచి వచ్చే అధికారికి అవి ఇంటి వెనక రెడీగా ఉంటాయి.

ఐపీఎస్ అధికారి సంగతే ఇట్లుంటే కానిస్టేబుల్ మాటేమిటి? స్వచ్ఛంద విరమణకు ఇరవై ఏళ్ళ సర్వీసు కావాలి. అంతకు ముందైతే వట్టి రాజీనామాయే. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవాళ్ళు కంట్రిబ్యూటరీ పింఛను కిందికి పోయారు, వాళ్ళకు ఖాయమైన పింఛను భరోసా లేదు. ఇంట్లో మొట్టమొదటి ఉద్యోగమైన దళిత కానిస్టేబుల్ తన ఊరి సర్పంచ్ స్థానానికి, అది ఎస్సీ రిజర్వుడు ఐనా సరే, నిలబడాలంటే ఉద్యోగం వదులుకోవాలి. ఓడితే తిరిగి తీసుకోరు. ఈ జూదం ఆడగలిగేది వేరే ఆస్తి ఉన్నోళ్ళే.

మరి నిషేధమే వద్దందామా?

కాదు. ఇక్కడ మేం జాగ్రత్తగా మాట్లాడదలుచుకున్నాం. పోలీసు పార్టీ మనిషైతే మొదట నష్టపోయేది దళితులే. 1985 జులై 17 కారంచేడు, 1991 ఆగస్టు 6 చుండూరు మనం మరిచిపోలేదు. చుండూరులో పోలీసు పికెట్ ఉండగానే నరమేధం జరిగింది. ఊరి పెత్తందార్ల కులానికి, పార్టీకి వంగిన పోలీసు ఎట్లుంటాడో ఆ పొలాల్లో చూశాం. పై స్థాయిలోనూ ఆ ప్రలోభం ఉంది. 2023 డిసెంబర్ 3న ఓట్ల లెక్కింపు ఇంకా సాగుతుండగానే డీజీపీ అంజనీకుమార్ గెలుపు బాటలో ఉన్న పార్టీ అధ్యక్షుడు రేవంత్ రెడ్డి ఇంటికి పోయి కలిశారు. ఎన్నికల సంఘం ఆ రోజే సస్పెండ్ చేసింది, కొద్దిరోజులకు ఎత్తేసింది. రేపు టికెట్టు దొరుకుతుందన్న ఆశ ఉన్న అధికారి ఇవాళ కేసు ఎట్లా రాస్తాడు? ఈ అనుమానం న్యాయమైనదే.

అమెరికాలో షెరిఫ్‌ను జనమే ఎన్నుకుంటారు. నల్లవాళ్ళకు ఓటు లేని రోజుల్లో దక్షిణాది షెరిఫ్ తెల్లవాళ్ళ లాఠీగా పనిచేశాడు. 1965 మార్చిలో సెల్మాలో పాదయాత్రికులను కొట్టించిన వాళ్ళల్లో షెరిఫ్ జిమ్ క్లార్క్ ఒకడు. అదే ఏడాది ఓటు హక్కు చట్టం వచ్చింది. 1966లో నల్లవాళ్ళ ఓట్లు క్లార్క్‌ను ఇంటికి పంపాయి. అదే ఏడాది మేకన్ కౌంటీలో లూషియస్ అమర్సన్ అనే నల్లజాతీయుడు షెరిఫ్‌గా గెలిచాడు. పోలీసు ఎన్నికల్లోకి రావడం మంచా చెడా అన్నది గాల్లో తేలేది కాదు, అట్టడుగువాళ్ళ చేతిలో ఓటు, పదవి ఎంత ఉన్నాయన్న దాన్ని బట్టి తేలుతుందని దీన్నుంచి మాకర్థమైంది. బ్రిటన్ 1975 చట్టంతో పోలీసులను కామన్స్ సభకు అనర్హులను చేసింది. జర్మనీలో ప్రభుత్వోద్యోగి పోటీ చెయ్యొచ్చు. పార్లమెంటుకు గెలిస్తే ఉద్యోగ బాధ్యతలు ఆ కాలానికి నిలిచిపోతాయి, తర్వాత తిరిగి రావొచ్చు. అంటే దారులు ఒకటి కంటే ఎక్కువున్నాయి.

2014లో అఖిల భారత సర్వీసుల నియమాల్లో చేర్చిన ఒకే సవరణలో రెండు మాటలు పక్కపక్కన ఉన్నాయి. అధికారికి రాజకీయ తటస్థత ఉండాలి అన్నది ఒకటి. ప్రజల పట్ల, ముఖ్యంగా బలహీన వర్గాల పట్ల స్పందన ఉండాలి అన్నది రెండోది. మొదటిదాన్ని అమలు చెయ్యడానికి మెమోలు, సస్పెన్షన్లు ఉన్నాయి. రెండోదాన్ని అమలు చెయ్యలేదని ఎవరినైనా సస్పెండ్ చేశారా అని మేం అడుగుతున్నాం.

కాబట్టి మా మాట ఇది. ఉద్యోగంలో ఉన్న పోలీసు ఎన్నికల్లోకి రాకూడదన్న నియమం ఉండాలి. ఐతే మూడు సంగతులు మారాలి. ఒకటి: పోటీకోసం చేసిన రాజీనామాను ఇన్ని రోజుల్లో తేల్చాలని గడువు పెట్టాలి. గడువు దాటితే ఆమోదం పొందినట్టే లెక్క. పెండింగు విచారణ ఉంటే అది తర్వాత కూడా నడవొచ్చు, నామినేషన్‌కు అడ్డం కాకూడదు. రెండు: విరామం పెట్టదలుచుకుంటే పెద్ద అధికారులకు పెట్టాలి, అదీ వాళ్ళు చివరి రెండేళ్ళు అధికారం చెలాయించిన ప్రాంతానికి. కానిస్టేబుల్‌కు మాత్రం తన ఊరి పంచాయతీకి పోటీ చెయ్యడానికి జీతం లేని సెలవు ఇవ్వాలి. మూడు: అరెస్టు చేసే, కేసు రాసే అధికారమే లేని కింది సేవకులను అధికారులతో కలిపి కట్టెయ్యడం ఆపాలి.

డీజీపీ ఆఫీసు నుంచి అసెంబ్లీకి నడిచే దారి పొట్టిదే. పటేల్ ఇంటి నుంచి వచ్చినవాడు ఆ దారిలో అడుగడుగునా చుట్టాలను పలకరిస్తూ పోతాడు. కావలికారు బిడ్డ ఆ దారి ఎక్కడానికి ముందు ఉద్యోగం గేటు దగ్గర పెట్టి, తిరిగొస్తానన్న ఆశ వదులుకొని నడవాలి. ఈ రెండు నడకలనూ ఒకటే అనుకున్నంతకాలం చట్టం ముందు అందరూ సమానమన్న మాట వాడలో ఎవరూ నమ్మరు.